ఎక్స్ అనుకునే ముందు బొమ్మ గీయండి: వర్డ్ ప్రాబ్లమ్స్ ఇలా చేసి చూడండి

వర్డ్ ప్రాబ్లం కనపడగానే ఎక్కువమంది చేసే మొదటి పని ఏంటంటే "కావలసిన సంఖ్య ఎక్స్ అనుకొనుము" అని నీట్‌గా ఒక లైన్ రాసేసి, ఆ తర్వాత పెన్ను క్యాప్ కొరుక్కుంటూ కూర్చోవడం. అదే పిల్లాడికి సమీకరణం ఇచ్చేసి సాధించమంటే రెండు నిమిషాల్లో చేసిచ్చేస్తాడు. అంటే వాడికి ఆల్జీబ్రా రాకపోవడం కాదు, మాటల దగ్గర్నుంచి సమీకరణం దాకా ఒక్క గెంతులో వెళ్ళాలనుకుంటున్నాడు, అక్కడ పడిపోతున్నాడు. మధ్యలో ఒక బొమ్మ పెట్టుకుంటే ఆ గెంతు రెండు చిన్న అడుగులవుతుంది. మీరు టెన్త్ చదువుతున్నా, ఏడో తరగతి పిల్లలకి ఇంట్లో లెక్కలు చెప్తున్నా, ఏదో కాంపిటీటివ్ ఎగ్జామ్‌కి ప్రిపేర్ అవుతున్నా పద్ధతి ఒకటే.

ఇది కొత్తగా కనిపెట్టిందేం కాదు, సింగపూర్‌లో 1980ల నుంచి ప్రైమరీ స్కూల్ లెక్కల్లోనే ఈ పట్టీల బొమ్మలు నేర్పుతున్నారు, అక్కడ దీన్ని బార్ మోడల్ అంటారు, ఎక్స్ అనే అక్షరం ఇంకా పరిచయం కాకముందే పిల్లలు ఆల్జీబ్రా లెక్కలు బొమ్మల్తో చేసేస్తారు. మనకి మాత్రం ఆరో తరగతి నుంచే ఎక్స్ వచ్చేస్తుంది, బొమ్మ రాదు.

కావలసిన సామాను: గళ్ళ నోట్‌బుక్, పెన్సిల్, రబ్బరు. పెన్నుతో గీయకండి, ఎందుకంటే మొదటి బొమ్మ చాలాసార్లు తప్పొస్తుంది, రావాలి కూడా.

మొదటి అడుగు: లెక్క చదవండి, కానీ అంకెలు చూడకండి

వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ చేసి చూడండి. లెక్కలో ఎవరెవరున్నారు, ఏ వస్తువులున్నాయి, కథలో ఏం జరిగింది, చివర్లో ఏం అడిగారు, ఈ నాలుగూ మీ సొంత మాటల్లో చెప్పుకోండి. "ఇద్దరున్నారు, ఒకరి దగ్గర ఎక్కువుంది, ఇద్దరిదీ కలిపి ఎంతో చెప్పాడు, ఎవరిదెంతో అడుగుతున్నాడు." అంతే. అంకెల్ని ముందే చూస్తే చెయ్యి ఆగదు, వెంటనే కూడేయాలనో తీసేయాలనో అనిపిస్తుంది, 200, 40 కనపడ్డాయి కాబట్టి 160 అని జవాబు రాసేసేవాళ్ళు అలాగే తయారవుతారు.

రెండో అడుగు: ఒక్కొక్కరికి ఒక్కో పట్టీ

లెక్క: లత దగ్గర కంటే రవి దగ్గర 40 రూపాయలు ఎక్కువున్నాయి. ఇద్దరి దగ్గరా కలిపి 200. ఎవరి దగ్గర ఎంత?

లత: [ గడి ]
రవి: [ గడి ][ 40 ]
రెండూ కలిపి: 200

ఎడమ అంచులు రెండూ ఒకే చోట మొదలవ్వాలి, అది ముఖ్యం, లేకపోతే ఎవరిది పొడుగో కంటికి తెలీదు. ఎప్పుడూ తక్కువున్నవాళ్ళ పట్టీ ముందు గీయండి, దాన్ని ఒక గడి అనుకోండి, మిగతావాళ్ళని ఆ గడిలోంచి కట్టుకుంటూ వెళ్ళండి. ఎక్స్ ఎవరికి ఇవ్వాలి అనే ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే దొరికేసింది చూశారా, అతి చిన్న గడికే ఎక్స్.

ఇప్పుడు బొమ్మ చూస్తే 40 ముక్క పక్కన పెట్టేస్తే రెండు సమానమైన గళ్ళు 160 అవుతున్నాయి, గడి 80. లతకి 80, రవికి 120. ఇందాకటి 160 కూడా తప్పు లెక్కేం కాదు, కాకపోతే అది రవి డబ్బు కాదు, రెండు గళ్ళ డబ్బు. బొమ్మ లేకుండా అది ఎవరిదో చెప్పడం కష్టం. సమీకరణం రాయమంటే బొమ్మని ఎడమ నుంచి కుడికి చదవడమే: ఎక్స్ + ఎక్స్ + 40 = 200.

ఒక మాట. పిల్లలకి బొమ్మ గీయమనగానే లతకి జడ, రవికి చొక్కా, జేబు, జేబులోంచి తొంగిచూస్తున్న నోటు, ఇవన్నీ గీస్తారు. బాగుంటుంది కానీ అది డ్రాయింగ్ పీరియడ్‌కి. మనకి కావలసింది కొలత ఉన్న బొమ్మ, అంటే పొడుగు చూస్తే ఎంతో తెలియాలి. అలాగని స్కేలు పెట్టి కొలిచి గీయక్కర్లేదు, 40 ముక్క గడిలో సగం ఉందా పావు ఉందా అనేది మనకి ముందు తెలీదు కదా, సుమారుగా వేస్తే చాలు.

"రెట్లు" ఉన్న లెక్కలు

ఒక స్కూల్లో టీచర్ల కంటే స్టూడెంట్లు 20 రెట్లు ఉన్నారు, దీన్ని సమీకరణంగా రాయమనండి ఎవర్నైనా. టీచర్లు ట, స్టూడెంట్లు స అనుకుంటే, చాలామంది 20స = ట అని రాస్తారు. 20 స్టూడెంట్లకి ఒక టీచర్ అని మనసులో చదువుకుని అదే వరసలో దించేస్తారన్నమాట. మన పిల్లలే అనుకోకండి, ఇలాంటి ప్రశ్నే అమెరికాలో ఇంజినీరింగ్ చదివే వాళ్ళకి ఇస్తే మూడో వంతుకి పైగా తప్పు రాశారని 1981లో అచ్చయిన ఒక స్టడీలో ఉంది, అందులోనూ ఎక్కువమంది చేసిన తప్పు ఇలా తిరగేయడమే. బొమ్మ గీస్తే ఈ తప్పు చేద్దామన్నా కుదరదు. టీచర్లది ఒక గడి, స్టూడెంట్లది 20 గళ్ళు, పొడుగు పట్టీ ఎవరిదో కళ్ళ ముందుంటుంది, చిన్నదాన్ని 20 సార్లు వేస్తేనే పెద్దదవుతుంది, కాబట్టి స = 20ట.

శాతాలు కూడా ఇంతే. 20 శాతం డిస్కౌంట్ పోగా చీర 960కి వచ్చింది, అసలు ధర ఎంత అంటే 960కి 20 శాతం కలిపేసి 1152 అనేస్తారు. అసలు ధర పట్టీ గీసి ఐదు గళ్ళు చేయండి, ఒక్కో గడి 20 శాతం. ఒక గడి కొట్టేయండి. మిగిలిన నాలుగు గళ్ళు 960, గడి 240, ఐదు గళ్ళు 1200. తగ్గించింది అసలు ధరలోంచి, కలుపుతున్నది తగ్గిన ధర మీద, అదే తేడా. బొమ్మలో అసలు పట్టీ ఒక్కటే ఉంటుంది కాబట్టి పొరపాటుకి చోటే లేదు.

"మిగిలినదాంట్లో" అనే మాట వస్తే పట్టీని మళ్ళీ కోయండి

జీతంలో 2/5 వంతు అద్దెకి పోయింది, మిగిలినదాంట్లో మూడో వంతు స్కూల్ ఫీజుకి, ఇంకా 12,000 మిగిలింది. జీతం ఎంత?

[ అద్దె ][ అద్దె ][ ఫీజు ][ మిగిలింది ][ మిగిలింది ]

ఐదు గళ్ళలో రెండు అద్దె. మిగిలినవి మూడు, అందులో మూడో వంతు అంటే ఒక్క గడి. ఇంక రెండు గళ్ళు మిగిలాయి, అవి 12,000. గడి 6,000, జీతం 30,000. ఒక్క లైన్ బొమ్మలో అయిపోయింది, భిన్నాలు గుణించలేదు, కసాగులు తీయలేదు. అంకెలు ఇంత చక్కగా కుదరకపోతే మిగిలిన భాగాన్ని ఇంకా చిన్న ముక్కలు చేసుకోవాలి, అప్పుడు ముందు గళ్ళన్నీ కూడా అదే సైజుకి కోయాలి, ఇది మర్చిపోతే వేర్వేరు సైజు ముక్కల్ని కలిపి లెక్కేసేస్తారు.

భిన్నాలు రెండూ మొత్తంలోంచే వస్తే మాత్రం పట్టీ కాకుండా గళ్ళ చాప గీయండి. దీనికి మంచి ఉదాహరణ మన భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలోనే ఉంది. తుమ్మెదల గుంపులో ఐదో వంతు కదంబం మీద వాలాయి, మూడో వంతు శిలీంధ్ర పువ్వు మీద, ఆ రెండింటి తేడాకి మూడు రెట్లు కుటజం మీద. ఒక్క తుమ్మెద మాత్రం మొగలి వాసనకీ మాలతి వాసనకీ మధ్య ఎటూ తేల్చుకోలేక గాల్లో తిరుగుతోంది. మొత్తం ఎన్ని?

అడ్డంగా ఐదు గళ్ళు, నిలువుగా మూడు గళ్ళు గీయండి, మొత్తం 15. ఒక నిలువు వరస మొత్తంలో ఐదో వంతు, అంటే 3 గళ్ళు. ఒక అడ్డ వరస మూడో వంతు, 5 గళ్ళు. తేడా 2, దానికి మూడు రెట్లు 6. 3, 5, 6 కలిపితే 14 గళ్ళు. మిగిలింది ఒక్క గడి, అదే ఆ తిరుగుతున్న ఒక్క తుమ్మెద. అంటే గడికొక తుమ్మెద, గుంపులో 15. నిలువు వరసా అడ్డ వరసా ఒక గడి దగ్గర ఒకదాన్నొకటి దాటతాయి కాబట్టి వాటి మీద రంగులు వేసేయకండి, గళ్ళు లెక్కపెట్టి పక్కన రాసుకోండి చాలు.

అసలు సంగతి: ఏం మారలేదో వెతకండి

ఇప్పటిదాకా చేసినవి నిలబడి ఉన్న లెక్కలు. కష్టమంతా కథలో ఏదో జరిగినప్పుడు వస్తుంది, ఏళ్ళు గడిచాయి, ఒకడు ఇంకొకడికి ఇచ్చాడు, ఎవరో ఖర్చు పెట్టేశారు. అప్పుడు రెండు బొమ్మలు గీయాలి, జరగక ముందు ఒకటి, జరిగాక ఒకటి, ఒకదాని కింద ఒకటి. గీసి, రెండు బొమ్మల్లోనూ అలాగే ఉండిపోయింది ఏంటో వెతకాలి. నన్నడిగితే ఈ మొత్తం పద్ధతిలో ఇంతకంటే ముఖ్యమైనది లేదు, మిగతావన్నీ గీతలు గీయడమే.

*వయసుల లెక్కలు.* తండ్రి వయసు కొడుకు వయసుకి 4 రెట్లు. 20 ఏళ్ళ తర్వాత రెండు రెట్లే అవుతుంది. ఇప్పుడు ఎంతెంత?

ఇప్పుడు,
కొడుకు: [ గడి ]
తండ్రి: [ గడి ][ గడి ][ గడి ][ గడి ]

20 ఏళ్ళు పోయాక,
కొడుకు: [ గడి ][ 20 ]
తండ్రి: [ గడి ][ 20 ][ గడి ][ గడి ][ గడి ]

తండ్రి పట్టీలో 20ని చివర్లో కాకుండా మధ్యలోకి జరిపాను, గమనించారా, కొడుకు పట్టీకి సరిగ్గా పైన కింద పడేలా. ఇద్దరికీ ఒకేసారి ఏళ్ళు వస్తాయి కాబట్టి వయసుల తేడా ఎప్పటికీ మారదు, ఇక్కడ అది మూడు గళ్ళు. ఇప్పుడు తండ్రి వయసు కొడుకుకి రెట్టింపు అంటే, కొడుకుని దాటి బయటికొచ్చిన ఆ మూడు గళ్ళు కొడుకు పట్టీ అంత ఉండాలి. మూడు గళ్ళు = ఒక గడి + 20. రెండు గళ్ళు 20, గడి 10. కొడుక్కి 10, తండ్రికి 40. ఇరవై ఏళ్ళకి 30, 60, సరిపోయింది.

దీన్నే ఎక్స్‌తో చేస్తే 4ఎక్స్ + 20 = 2(ఎక్స్ + 20) అని రాయాలి, ఇందులో కుడివైపు బ్రాకెట్ పెట్టడం మర్చిపోయి 2ఎక్స్ + 20 అని రాసేసేవాళ్ళు ప్రతి క్లాసులోనూ ఉంటారు. అలా రాస్తే ఎక్స్ సున్నా వస్తుంది, అప్పుడే పుట్టిన బిడ్డ అనుకుని జవాబు రాసేస్తారో ఏంటో. బొమ్మలో 20 ముక్క కూడా గడితో పాటే ఉంటుంది కాబట్టి రెట్టింపు అన్నప్పుడు దాన్ని వదిలేయడం కుదరదు.

*ఇచ్చిపుచ్చుకునే లెక్కలు.* రాజు దగ్గర రమణ దగ్గర కంటే 3 రెట్లు గోళీలున్నాయి. రాజు 12 గోళీలు రమణకి ఇచ్చేస్తే ఇద్దరికీ సమానం. ఇక్కడ మారనిది మొత్తం, ఎందుకంటే గోళీలు ఆ ఇద్దరి మధ్యే తిరిగాయి, బయటికి పోలేదు.

రాజు: [ గడి ][ గడి ][ గడి ]
రమణ: [ గడి ]

మొత్తం నాలుగు గళ్ళు, సమానం కావాలంటే చెరి రెండు. అంటే సరిగ్గా ఒక్క గడి ఇటు నుంచి అటు వెళ్ళింది, అదే 12. రాజుకి 36, రమణకి 12. ఇక్కడ ఎక్కువమంది పడే గోతి ఏంటంటే 12 ఇస్తే సమానమైంది కాబట్టి తేడా 12 అనుకోవడం. ఇచ్చినవాడికి 12 తగ్గి, పుచ్చుకున్నవాడికి 12 పెరిగింది, కాబట్టి పోయిన తేడా 24, బొమ్మలో అది రెండు గళ్ళుగా కనిపిస్తూనే ఉంది.

*ఒకరిదే మారే లెక్కలు.* గీత, సీతల దగ్గరున్న డబ్బు 7:4 నిష్పత్తిలో ఉంది. గీత 90 ఖర్చు పెట్టేసరికి నిష్పత్తి 1:2 అయింది. ఇక్కడ ఎవరూ ముట్టుకోనిది సీత డబ్బు. ముందు బొమ్మలో సీతకి 4 గళ్ళు, తర్వాత బొమ్మలో 2 గళ్ళు, అదే డబ్బు రెండు రకాల గళ్ళతో కొలిచారు. అందుకని 1:2ని 2:4 చేసుకుంటే గళ్ళు ఒకే సైజుకి వచ్చేస్తాయి. గీత 7 గళ్ళ నుంచి 2 గళ్ళకి పడింది, 5 గళ్ళు 90, గడి 18. గీతకి 126, సీతకి 72 ఉండేవి.

వయసులైతే తేడా, ఇచ్చిపుచ్చుకుంటే మొత్తం, ఒకరే ఖర్చుపెడితే రెండోవాళ్ళది. ఈ మూడూ పట్టుకున్నారంటే ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పుస్తకాల్లో వచ్చే ఇలాంటి లెక్కల్లో చాలావాటికి దారి దొరికేస్తుంది.

దూరం, టైము, వేగం: పట్టీ కాదు, గీత

హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు అనుకుందాం. పొద్దున 6కి హైదరాబాద్‌లో బస్సు బయల్దేరింది, గంటకి 50. 7కి విజయవాడలో కారు బయల్దేరింది, గంటకి 60. ఎప్పుడు, ఎక్కడ ఎదురుపడతాయి?

ఒక అడ్డగీత గీయండి, ఒక చివర హైదరాబాద్, ఇంకో చివర విజయవాడ. ఇక్కడ ట్రిక్కు ఏంటంటే బొమ్మని 6 గంటలకి కాదు, 7 గంటలకి గీయాలి, అంటే రెండు బళ్ళూ కదులుతున్న మొదటి క్షణానికి. అప్పటికి బస్సు 50 వచ్చేసింది, అక్కడ ఒక చుక్క పెట్టండి. చుక్కకీ విజయవాడకీ మధ్య 220 మిగిలింది. ఆ ఖాళీ రెండు వైపుల నుంచీ తగ్గుతోంది, గంటకి 50 అటు నుంచి, 60 ఇటు నుంచి, మొత్తం 110. రెండు గంటల్లో ఖాళీ అయిపోతుంది, 9 గంటలకి ఎదురుపడతాయి. బస్సు మూడు గంటలు నడిచింది కాబట్టి హైదరాబాద్ నుంచి 150 దగ్గర, సూర్యాపేట దాటి కోదాడ ఇంకా రాకముందు. హోటల్ దగ్గర టిఫిన్‌కి ఆపితే లెక్క మారిపోతుంది, అది వేరే విషయం.

రెండూ ఒకే వైపు వెళ్తుంటే, అంటే ఒకటి ఇంకోదాన్ని పట్టుకునే లెక్కయితే, ఒకే గీత మీద కాకుండా కింద కింద రెండు గీతలు గీయండి, ఒకే గీత మీదైతే బాణాలన్నీ కలిసిపోయి ఏదేదో తెలీదు. అక్కడ ఖాళీ వేగాల తేడా చొప్పున తగ్గుతుంది.

రెండు రకాలు కలిపి లెక్కపెట్టే లెక్కలు

ఆటోలు, బైకులు కలిపి స్టాండులో 20 బళ్ళున్నాయి, చక్రాలు 47. ఆటోలెన్ని? 20 సున్నాలు చుట్టండి, ఒక్కోదానికి కింద రెండేసి గీతలు పెట్టండి, ఎందుకంటే ఏ బండికైనా కనీసం రెండు చక్రాలుంటాయి. 40 చక్రాలు అయిపోయాయి. ఇంకా 7 మిగిలాయి, ఒక్కో ఆటోకి ఒక్కటి చొప్పున వేసుకుంటూ పొండి. ఆటోలు 7, బైకులు 13. దీనికి రెండు సమీకరణాలు, రెండు చరరాశులు పెట్టి చేయడం టెన్త్‌లో వస్తుంది, నాలుగో తరగతి పిల్ల గీతలు పెట్టి చేసేస్తుంది.

టెన్త్ వాళ్ళకి: వర్గ సమీకరణాలు వచ్చే లెక్కలు

ఇక్కడికొచ్చేసరికి పట్టీ చాలదు, దీర్ఘచతురస్రం కావాలి. ఎక్కడ రెండు తెలియనివి గుణించుకుంటాయో అక్కడ వాటిని పొడవు, వెడల్పు చేసేయండి, లబ్ధం వైశాల్యం అవుతుంది. వేగాన్ని టైముతో గుణిస్తే దూరం, ధరని సంఖ్యతో గుణిస్తే ఖర్చు, రోజుకి ఒకడు చేసే పనిని రోజులతో గుణిస్తే పని, అన్నీ దీంట్లోకి వస్తాయి.

తరచూ వచ్చే లెక్క: ఒక రైలు 360 కిలోమీటర్లు ఒకే వేగంతో వెళ్ళింది. వేగం గంటకి 5 ఎక్కువుంటే ఒక గంట తక్కువ పట్టేది. వేగం ఎంత?

మామూలుగా అయితే 360ని ఎక్స్‌తో భాగించి, దాంట్లోంచి 360ని ఎక్స్ + 5తో భాగించినది తీసేసి, ఒకటికి సమానం చేసి, ఆ హారాలన్నీ గుణించుకుంటూ అర పేజీ. బొమ్మ ఇలా గీయండి. వెడల్పు వేగం, ఎత్తు టైము, లోపల వైశాల్యం 360. దాని మీదే రెండో దీర్ఘచతురస్రం, ఎడమ కింది మూల ఒకటే ఉండేలా గీయండి, ఇది 5 వెడల్పు ఎక్కువ, 1 ఎత్తు తక్కువ. దీని వైశాల్యం కూడా 360, రైలు వెళ్ళాల్సిన దూరం మారలేదు కదా.

రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డ భాగాన్ని మర్చిపోండి. మిగిలినవి రెండు ముక్కలు. పైన ఒక సన్న ముక్క, వెడల్పు వేగమంత, ఎత్తు 1. పక్కన నిలువు ముక్క, వెడల్పు 5, ఎత్తు టైములో ఒకటి తక్కువ. పెద్దవి రెండూ సమానం కాబట్టి ఈ రెండు ముక్కలూ సమానం. అంటే వేగం = 5 × (టైము − 1). దీన్ని టైముతో గుణిస్తే 360 రావాలి, రెండు వైపులా 5తో భాగించేస్తే టైము × (టైము − 1) = 72. పక్క పక్క సంఖ్యలు రెండు గుణిస్తే 72, తొమ్మిది ఎనిమిదులు. టైము 9 గంటలు, వేగం 40. సరిచూడండి, 45 × 8 = 360.

హారాలు రాలేదు, సూత్రం వాడలేదు. పరీక్షలో మాత్రం ఇంత చెప్పి వదిలేయకండి, బొమ్మ గీసుకుని దాంట్లోంచి వచ్చిన సమీకరణం, సాధన, జవాబు అన్నీ స్టెప్పుల్లో రాయండి, దిద్దేవాళ్ళు మార్కులు స్టెప్పులకిస్తారు. బొమ్మని మార్జిన్ పక్కన రఫ్‌గా వేసుకుంటే చాలు.

వర్గాన్ని పూర్తిచేయడం అని ఒక పద్ధతి బట్టీ పట్టిస్తారు కదా, సగం చేసి వర్గం చేసి రెండు వైపులా కలపండి అని, అది కూడా అసలు బొమ్మే. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ అనే గణిత పండితుడు బొమ్మ గీసే చూపించాడు. ఒక చతురస్రం, దానికి 10 పొడవు కలిపి లాగితే వచ్చిన దీర్ఘచతురస్రం వైశాల్యం 39, చతురస్రం భుజం ఎంత? కలిపిన ఆ 10 వెడల్పు ముక్కని నిలువుగా సగానికి కోసి, ఒక 5 ముక్కని కుడిపక్కన ఉంచి ఇంకోదాన్ని కిందికి తెచ్చి పెట్టండి. పెద్ద చతురస్రం దాదాపు అయిపోయింది, మూలలో 5కి 5 ఖాళీ ఒకటుంది. ఆ 25 పూడిస్తే 39 + 25 = 64, పెద్ద భుజం 8, మనది 3. "సగం చేసి వర్గం చేసి కలపండి" అనేది ఆ మూల ఖాళీ పూడ్చడమే.

జవాబు వచ్చాక

సమీకరణంలో వేసి సరిచూసుకోవద్దు. సమీకరణమే తప్పు రాస్తే అందులో వేసినా సరిపోతుంది, మీరు సాధించడం కరెక్టే అని మాత్రం తెలుస్తుంది. ఇచ్చిన లెక్కని మళ్ళీ మొదట్నుంచీ చదువుతూ ప్రతి వాక్యంలో మీ అంకెలు పెట్టి చదవండి. తర్వాత లెక్కలో ఏం అడిగారో ఇంకోసారి చూడండి, గడి విలువ కనుక్కున్న ఆనందంలో అదే జవాబని రాసేసి వచ్చినవాళ్ళు బోలెడు. అందుకే బొమ్మ గీస్తున్నప్పుడే, అడిగిన చోట ప్రశ్నార్థకం ఒకటి పెద్దగా పెట్టేసుకోండి.

బొమ్మ పనికిరాని లెక్కలు కూడా ఉన్నాయి. రెండంకెల సంఖ్యని తిరగేస్తే 27 ఎక్కువైంది లాంటివాటికి పట్టీలు గీయడం శుద్ధ దండగ, పదుల స్థానం, ఒకట్ల స్థానం రెండు నిలువు గళ్ళు వేసి అక్షరాలు పెట్టేసుకోండి. గడి నెగెటివ్ వచ్చే లెక్కల్లో కూడా బొమ్మ ఇబ్బంది పెడుతుంది, పొడుగు మైనస్ ఉండదు కదా. అలాంటప్పుడు ఎక్స్ దగ్గరికే పొండి, దానికేం మొహమాటం అక్కర్లేదు. అలాగే అలవాటయ్యాక సులువు లెక్కలకి బొమ్మ మానేస్తారు, మానేయనివ్వండి, ఇరుక్కున్నప్పుడు గీసుకుంటే చాలు. తప్పనిసరిగా ప్రతి లెక్కకీ గీయాల్సిందే అని పిల్లల్ని కూర్చోబెడితే అదొక శిక్ష అయిపోతుంది.

చేసి చూడ్డానికి ఒకటి, ఇది కూడా లీలావతిలోదే. చెరువులో తామర మొగ్గ నీటి మీద అర మూర ఎత్తులో ఉంది. గాలికి మెల్లగా ఒరిగి ఒరిగి, మొదట ఉన్నచోటి నుంచి రెండు మూరల దూరంలో నీళ్ళలో మునిగింది. చెరువు లోతెంత? కాడ నిటారుగా ఉన్నప్పుడు ఒక బొమ్మ, ఒరిగినప్పుడు ఒక బొమ్మ, రెండూ ఒకే వేరు నుంచి గీయండి. కాడ పొడవు మారదు, లంబకోణ త్రిభుజం ఒకటి తయారవుతుంది. జవాబు 3.75 మూరలు.